నాయన పడుకునే చోటు

మార్కాపురం, 9-12-1958

గురుస్వామి అన్నకు, నేను క్షేమమే కానీ ఒళ్లు మండిపోతోంది.

నిన్న ఇంట్లోవాళ్లు రోజూ చేసే పనులను ఇంగ్లీషులో చెప్పమన్నాడు మేష్టరు. మా నాయన రాత్రిళ్లు ఇంట్లో పడుకోడని చెప్పాను. "మరి ఎవురింట్లో పండుకుంటాడ్రా?" అన్నాడు. క్లాసంతా పడీపడీ నవ్వింది. గొర్రెల మంద ఎవరి చేలో కడితే అక్కడే పడుకుంటాడని నేను చెబుతున్నా ఎవరూ వినలేదు. పోయినేడు ఎరువు కోసం కొనకనమిట్లలో ఈ మేష్టరు చేలోనే మంద కట్టి, పది రాత్రులు కాపలా పడుకున్నది మన నాయనే కదా!

అమ్మకు జ్వరం తగ్గిందా? చలిగా ఉంది, నా దుప్పటి పంపు. వదినకు నమస్కారాలు.

వచ్చే ఎండాకాలం మంద కట్టమని ఆ మేష్టరు కబురు పెడితే, "మా నాయన రాత్రిళ్లు ఇంట్లోనే పండుకుంటాడు" అని చెప్పి పంపించు.

నీ తమ్ముడు,
కాశయ్య