మూడో బ్రేకు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. ప్రతిసారీ అలవాటుగా రాసే మాటే అయినా, ఈసారి మాత్రం కాళ్లూ చేతులూ ఒకసారి తడిమి చూసుకుని మరీ రాస్తున్నాను. నువ్వూ తమ్ముడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బుడ్డిదానికి పైపళ్లు వచ్చేశాయి. అందరికీ చూపించాలని నవ్వు రాకపోయినా నవ్వుతోంది. వంటింటి గోడ చెమ్మ ఇంకా ఆగలేదు, ఇంటివాడు రేపు రేపంటూనే ఉన్నాడు. ఆసుపత్రి లాండ్రీలో నా పని మామూలే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇస్త్రీ బల్ల ముందు నిలబడి దుప్పట్లు రుద్దడం, ఆవిరికి మొహం ఉడకబెట్టుకోవడం. మీ అల్లుడు నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గరే ఉన్నారు. ఊళ్లో ఎవరి కుళాయి ఎండినా తిట్లు ఆయనకే. "వాళ్లకి నా మొహం కనపడదు, నాకు వాళ్ల మొహం కనపడదు, చెల్లుకు చెల్లు" అంటారు.

ఇక అసలు సంగతి. నువ్వు ఆయన పేర విడిగా రాసిన ఉత్తరం నిన్న అందింది. కవరు మీద "అల్లుడు గారికి మాత్రమే" అని ఇంతింత అక్షరాలతో రాశావు. అమ్మా, చూపు లేని మనిషికి ఉత్తరం రాస్తే ఈ ఇంట్లో చదివి పెట్టేది ఎవరనుకున్నావు? దొంగ చేతికే తాళాలు ఇచ్చావు కదే తల్లీ! ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటే నేనే గొంతు సవరించుకుని చదివాను. "బాబూ, ఈ సంగతి అమ్మాయికి తెలియనివ్వకండి" అన్న చోట ఆయనకు టీ పొలమారింది. నేనూ పడీ పడీ నవ్వాను. ఆ తర్వాతి వాక్యాల దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది.

"మీ సరదా కాదనను. కానీ నా కూతురు మీ మాట తీసెయ్యలేక ఆ కొండ మీంచి సైకిలు దూకిస్తోంది. ఇద్దరికీ ఏమైనా అయితే పసిదాని గతేంటి? దాని మొహం చూసైనా ఈ సరదా మానుకోండి" అని రాశావు. ఆయన టీ కప్పు కింద పెట్టేశారు. తర్వాత, "మానేస్తానని రాసెయ్. అత్తయ్య గారు అడగడంలో తప్పేముంది?" అన్నారు. కలం తీసుకున్నాను గానీ ఆ మాట రాయడానికి నా చెయ్యి రాలేదు. అందుకే జవాబు ఆయన పేర కాకుండా నా పేర వస్తోంది.

ముందు శుభవార్త. ఫోనులో చెబితే సగం విని, మిగతా సగానికి ఏడుస్తావని దాచి ఉంచాను. పోయిన ఆదివారం కొండ రోడ్డు మీద పందెం జరిగింది. ఇద్దరేసి తొక్కే సైకిళ్లలో మాది రెండో స్థానం. మళ్లీ చదువుకో, రెండో స్థానం! మా వెనక మిగిలినవాళ్లంతా కండలు తిరిగిన కుర్రాళ్లు. నా గొప్ప నేనే చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు, ఇంటివాడా?

ఆ సైకిలు సంగతి నీకు సరిగ్గా తెలియదు కాబట్టి చెబుతాను. ముందు సీటు నాది. తిప్పే హ్యాండిలూ, రెండు బ్రేకులూ నా దగ్గర. వెనక సీటు ఆయనది. ఆయన ముందూ ఒక హ్యాండిలు ఉంటుంది గానీ అది తిరగదు, ఊరికే పట్టుకోవడానికి. అంత పెద్ద వాలులో ఇద్దరి బరువుతో దిగుతూ నా బ్రేకులే నొక్కుతూ పోతే చక్రం వేడెక్కి ట్యూబు పేలుతుంది. అందుకని సైకిలు కొట్టు పెద్దాయన వెనక చక్రానికి మూడో బ్రేకు బిగించాడు. అది ఆయన చేతిలో ఉంటుంది. నేను "పట్టు" అంటే ఆయన పట్టాలి, "వదులు" అంటే వదలాలి. ఇంట్లో ఆయన్ని మీరు అనేదాన్నే, అక్కడ మాత్రం గౌరవం కలిపేలోపు మలుపు వచ్చేస్తుంది.

మలుపులో నేను ఎటు వాలితే ఆయనా అటే వాలాలి. భయపడి నిటారుగా లేచారంటే సైకిలు తిరగదు, తిన్నగా పిట్టగోడ మీదకు పోతుంది. కనపడని మలుపుకు ఒళ్లు అప్పగించడమంటే మాటలు కాదు. నమ్మకపోతే కళ్లు మూసుకుని మీ మేడ మెట్లు దిగి చూడు. వద్దులే, నీ మోకాలు అసలే బాగాలేదు.

ఆ రోజు కొండ మీద నీళ్ల ట్యాంకు దగ్గర బయలుదేరాం. మొదటి వాలులోనే వేగం అందుకుంది. చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేం లేదు, కళ్లల్లోంచి నీళ్లు వెనక్కి కారిపోతున్నాయి. రెండు మలుపులు కత్తితో కోసినట్టు తిరిగాం. పిండిమర మలుపుకు వచ్చేసరికి మా ముందు ఒక జంట బ్రేకులు వేస్తోంది. మామూలుగా నేనూ అక్కడే "పట్టు" అనాలి. అనలేదు. వాళ్లను దాటెయ్యాలని నా ఒళ్లంతా ఒకటే ఆశ.

"పట్టనా?" అని వెనక నుంచి ఆయన అరిచారు.

"వద్దు!" అన్నాను.

మలుపులో ఇసక ఉందమ్మా. వెనక చక్రం జారింది. నా మోకాలికీ రోడ్డుకూ మధ్య జానెడు కూడా లేదు. పిట్టగోడకు రాసుకుని ఆయన చొక్కా చెయ్యి చిరిగిపోయింది. ఆయన గనక ఆ క్షణంలో బెదిరి పైకి లేచి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. లేవలేదు. నేను ఎంత వాలితే అంతే వాలి, అలాగే నన్ను అంటిపెట్టుకుని ఉండిపోయారు. ముందున్న జంటను దాటేసి కిందకు దిగిపోయాం.

కింద చప్పట్లు, ఈలలు. మైకు పట్టుకున్నతను నన్ను పిలిచి, "భర్త ముచ్చట తీర్చడం కోసం ప్రాణాలకు తెగించిన ఇల్లాలు!" అని పొగిడాడు. నేను సిగ్గు లేకుండా నవ్వుతూ కప్పు అందుకున్నాను. ఆయనకు చూపిద్దామని వెతికితే, కుళాయి పక్కన అరుగు మీద చేతులు మోకాళ్ల మధ్య దోపుకుని కూర్చున్నారు. అప్పుడే వాంతి చేసుకుని మొహం కడుక్కున్నారట.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"బాగానే ఉంది. దిగాక ఎప్పుడూ ఇంతే" అన్నారు. "నువ్వు సందడిలో ఉంటావు, చూడవు."

అమ్మా, ఇప్పుడు నిజం చెబుతున్నాను, కావాలంటే కోపగించుకో. ఆ సరదా ఆయనది కాదు. నాది. మొదటిసారి సైకిలు అరువు తెచ్చింది ఆయనకు కాస్త గాలి తగులుతుందనే. కానీ వాలులో పడ్డాక ఆయన సంగతే మరిచిపోయాను, చిన్నపిల్లలా కేకలు పెట్టాను. రోజంతా అడుగు కదలని దాన్ని కదమ్మా, ఆ వేగం నాకు ఒంటబట్టింది. పక్కింటివాళ్లు "బిడ్డ తల్లికి ఇదేం పోయేకాలం" అని మొదలుపెట్టినప్పుడు ఆయన గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పారు: "నేనే అడిగాను. నాకే సరదా." అంతే, అందరి నోళ్లూ మూతపడ్డాయి. చూపు లేని మనిషి సరదాను కాదనేది ఎవరు? ఆ రోజు నుంచి పిచ్చి ఆయనది, త్యాగం నాది. నేను కుక్కిన పేనులా ఊరుకుని వేగమూ అనుభవించాను, మంచిపేరూ అనుభవించాను. నీ దగ్గర కూడా.

ఆ రాత్రి నేనే, "మానేద్దామా?" అని అడిగాను. అడుగుతున్నప్పుడే ప్రాణం ఉసూరుమంది.

"మానెయ్యమని నేనన్నానా?" అన్నారు ఆయన. "పట్టనా అని ఇంక నిన్ను అడగను. పట్టాలనిపిస్తే పడతా. ఆ బ్రేకు నాది."

"ఓడిపోతే?"

"ఓడిపోదాం. ఏం, ఓడిపోయినవాళ్లు ఇంటికి రారా?"

ఒప్పుకున్నాను. నా అంతట నేను ఒప్పుకున్న ఓటమి ఇదొక్కటే, నీకు తెలుసుగా నా మొండితనం. పసిదాని గతేంటని అడిగావు. పిండిమర మలుపులో నేను ఆ ప్రశ్న వేసుకోలేదు, అది నా తప్పే. ఇక మీద ఆ ప్రశ్న వేసుకునే మనిషి నా వెనక సీట్లో ఉంటాడు, చేతిలో బ్రేకుతో. అంతకు మించి హామీ ఇవ్వలేను, అబద్ధం ఆడలేను. ఇక తిట్టాలంటే నన్ను తిట్టు. ఇన్నాళ్లూ నన్ను పొగిడిన పొగడ్తలన్నీ ఆయనకిచ్చెయ్. భయం లేని నేను దిగడం గొప్ప కాదమ్మా, అంత భయంతో నాకోసం ఎక్కే మనిషిది గొప్ప. అలాంటివాడు నా మొగుడని చెప్పుకోవడానికి నాకు ఎంత గర్వంగా ఉందో ఏం చెప్పను!

ఇక్కడిదాకా ఆయనకు చదివి వినిపించాను. "సరదా నాది కాదన్న ముక్క కొట్టెయ్, అత్తయ్య గారి దగ్గర మాట పడతావు" అన్నారు. కొట్టెయ్యనన్నాను. అయితే తన తరఫున ఒక్క మాట రాయమన్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"అత్తయ్య గారూ, చూపు పోయినప్పటి నుంచి అందరూ నన్ను పట్టుకునేవాళ్లే. పట్టుకోమని నా చేతిలో ఒకటి పెట్టింది మీ అమ్మాయి ఒక్కతే."

రాశాక మామూలుగా చదివి వినిపించాలి. నేను లేచి కవరు వెతకడం మొదలుపెట్టాను. ఎంతకీ చదవకపోయేసరికి ఆయనే, "ఉండనీలే, సరిగ్గానే రాసుంటావు" అన్నారు.

ఇట్లు,
రేపు తిట్లు తినబోయే
నీ పెద్దకూతురు