ఒకే కన్ను చూడాలట

చెల్లీ,

అన్నం మూతపెట్టాను, తిని మా పరిశోధన తోటకి రా. ఈవేళ ఆఫీసరు నీ చేత టమాటా మొక్కల తెగులుకి మార్కులు వేయిస్తాడు. తెగులు లేకపోతే సున్నా, మొక్క పోయినట్టే ఉంటే ఐదు. ఒక్క మాడిన ఆకు చూసి హడలిపోకు, మొక్క మొత్తం చూడు. రాలిపోయిన ఆకుల్నీ లెక్కలో వేసుకో.

నీ మార్కులు నావాటితో కలిస్తే నన్ను వదిలేసి నా చోట నిన్ను పెట్టుకుంటానన్నాడు. మనిషి మారితే మార్కులు మారతాయని, పంట అయ్యేదాకా ఒకే కన్ను చూడాలట! ఆ ముక్క పట్టుకునే అమ్మ ఆపరేషన్‌కి కూడా నన్ను కదలనివ్వలేదు. ఇప్పుడు అద్దంలో నా మొహానికి కూడా మార్కు వేసేస్తున్నాను. నాకిక ఊపిరాడటం లేదే.

అక్క

పైనంతా నాకోసం రాశాను. ఇది నీకోసం: పచ్చగా నవనవలాడే మొక్కకి కళ్లు మూసుకుని నాలుగు వేసెయ్.