మొదటి గోడ తగ్గించాను

అక్కా,

నేను కులాసా. ఫోను పలకడం లేదని కంగారుపడకు, కోపంలో నేనే నేలకేసి కొట్టాను. పోటీకి మా కంప్యూటర్ ఆట నెలాఖరులోగా పంపాలి. అందులో మూటలు మోసే కూలీ గోడలు దూకుతూ మేడ పైకి చేరాలి. శ్రమంటే ఏమిటో లోకానికి తెలియాలని గోడలన్నీ కావాలనే ఎత్తుగా కట్టాను. ఆటకు బొమ్మలు గీసే మిత్రుడు అంత ఎత్తు వద్దన్నందుకే ఫోను బలైంది.

మొన్న మా గది ఊడ్చే పిన్ని ఆడి చూసింది. పదకొండుసార్లు పడి, "కూలోళ్ళ ఆటన్నావు, కూలిదాన్ని నేనే మొదటి గోడ దాటలేకపోతిని గదయ్యా" అంటూ చీపురు అందుకుంది. కూలీల కష్టాల మీద అన్ని కరపత్రాలు చదివిన నేను, ఆమె వెళ్ళగానే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గోడ సగానికి దించాను, మిత్రుణ్ణి క్షమించమన్నాను. ఇవాళ పిన్ని ఆటలో నాలుగో అంతస్తు ఎక్కి, ఊడ్వడం మరిచిపోయింది. గెలుస్తామనిపిస్తోంది.

నాన్న మోకాలు ఎలా ఉంది? ఫలితం వచ్చేదాకా నా ఉద్యోగం ఊసెత్తవద్దని చెప్పు. పాపకు ముద్దులు, బావకు నమస్కారాలు. ఆయన కంప్యూటర్‌కు ఆట పంపాను, అమ్మచేత ఆడించు. ఎక్కడ పడిందో బావచేత వెంటనే మెయిల్ పెట్టించు. అమ్మ ఎక్కలేని గోడ ఒక్కటీ ఉండనివ్వను.

నీ తమ్ముడు