ముద్ర వేయని అర్జీ

అన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఈ మలేషియా ఊళ్ళో, సుంగై పెటానిలో, మన టైర్ల కొట్టు బోర్డు మీద ఇంకా నీ పేరే ఉంది.

నిన్న సాయంత్రం వ్యాపారుల సంఘం సమావేశానికి నీ బదులు నేను వెళ్ళాను. ఆదాయపు పన్ను పెంచుతారని వినిపిస్తోంది. పెంచవద్దని ప్రభుత్వానికి అర్జీ పెడుతున్నారు. ప్రతి కొట్టువాడూ సంతకం చేసి, కొట్టు ముద్ర వేయాలి.

కాగితం నా దగ్గరికొచ్చింది. పన్ను పెరిగితే నాకూ కష్టమే, అబద్ధమెందుకు? కానీ ప్రభుత్వ ఆసుపత్రిలో నీ డయాలసిస్ రోజులు గుర్తొచ్చాయి. ఆ యంత్రం పక్కన పడుకుని నవ్వేవాడివి. "ఇది ఊరికినే వచ్చినాదనుకున్నావేట్రా? మనం కట్టిన పన్నేరా ఇది!"

నేను ముద్ర జేబులోంచి తీయలేదు. కాగితం పక్కవాడికి ఇచ్చేశాను.

సంఘం పెద్దకి కోపమొచ్చింది. మన పాత రబ్బరు ఎస్టేటు మనిషే కదా, గదిలో అందరి ముందూ తెలుగులోనే, ఇక్కడి మలయ్ 'లా' తగిలించి మరీ అరిచాడు. "అందరం వేసినాం, నీకేటి లా? మీ అన్న కూడా ఇలాగే అడ్డం తిరిగీవోడు!"

నేను నొచ్చుకున్నాననుకుని ఎవరో టీ తెచ్చి ఇచ్చారు.

నేను బాధపడతానని ఈ ఏడాదంతా ఎవరూ నా ముందు నీ మాట ఎత్తలేదన్నా. ఆయన నీ మాటెత్తి ఇంకోసారి తిడతాడేమోనన్న ఆశతో, కుర్చీలన్నీ మడిచేదాకా అక్కడే కూర్చున్నాను.

నీ తమ్ముడు