ఒకరికి రెండున్నర మంది

నేపుల్స్ రేవు, 9 మే 1994

చిరంజీవి లువిజాను దీవించి అమ్మమ్మ రాయునది. మీ అమ్మ పంపిన టికెట్టుతో తను పనిచేసే ఓడే ఎక్కి, క్షేమంగా ఉన్నాను.

పదిహేను వందల ప్రయాణికులకు ఆరు వందల సిబ్బంది అని కంపెనీ పుస్తకంలో చదివి, ఒకరి వంతుకు రెండున్నర మందేనని లెక్క కట్టాను. "ఇద్దరి పక్కలు సర్దేదానివి, ఉత్తరానికి తీరిక లేదా?" అని నిరుడు మీ అమ్మకు రాసింది ఆ లెక్కతోనే. తప్పు నాదే. ఆ ఆరు వందల్లో వంటవాళ్లు, ఇంజనువాళ్లు, వాయిద్యగాళ్లు అందరూ ఉన్నారు. మీ అమ్మ పర్పేతు ఒక్కతే పద్దెనిమిది గదులు రోజుకు రెండుసార్లు సర్దుతోంది. అదే పుస్తకంలో ఓడలోని చోటు మొత్తాన్ని ప్రయాణికులతోనే భాగించి తలకింత అని అచ్చువేశారు. అడుగున కిటికీ లేని గదిలో ముగ్గురితో ఇరుక్కుని పడుకునే మీ అమ్మ ఆ లెక్కలో లేదు.

నడవలో ఎదురైతే, పై అధికారి పక్కనుండగా నన్ను "గుడ్ మార్నింగ్ మేడమ్" అంది. తరవాత నా గదిలో దుప్పటి మడుస్తూ, "ఇద్దరి పక్కలే కదమ్మా, ఎంతసేపు!" అని నవ్వింది. నేను దుప్పటి రెండో కొస పట్టుకున్నాను.

వానలకు ముందే కప్పు పెంకులు మార్పించు. పందికి కుడితి వేళకు పెడుతున్నావా? అమ్మ మీద అలక చాలించి నువ్వే ముందు ఉత్తరం రాయి. అమ్మమ్మ క్షమించమంది అని అందులో ఒక వాక్యం చేర్చు. ఎదురుగా ఉండీ నేను అనలేకపోతున్నాను.

మరియ తల్లి నిన్ను చల్లగా చూడాలి.

కార్మెలీనా