ఊకరంగు బొచ్చు

భవానీపురం, శుక్రవారం రాత్రి, 2004

లక్షల ఏళ్ల తర్వాత ధ్రువాల మంచు మీద బతకబోయే జంతువుని ఊహించి గీసుకురమ్మన్నారట స్కూల్లో. మా చిన్నది దానికి ఊకరంగు బొచ్చు పెట్టింది.

"తెల్లగా ఉండాలి కదే?" అన్నాను.

"ఈ బొచ్చు దానికి చలెయ్యకుండా కాదమ్మా, మంచు కరక్కుండా! నాన్న చేపలమ్మేచోట ఐసుదిమ్మ మీద ఊక కప్పుతాడుగా. ఇది కూడా అట్టాగే మంచు మీద పడుకునుంటది."

టీచరుగారు తప్పంటారేమోనని నా బెంగ. మా ఆయన మాత్రం ఐసుకి పగిలిన వేళ్లతో ఆ బొమ్మని మెల్లగా నిమిరారు.

"మరి ఎండంతా దీనికే తగులుద్ది కదమ్మా?" అన్నారు.

"తగులుద్ది. నీకు తగలట్లేదా నాన్నా?" అంది.

ఆయన ఇంకా ఆ బొమ్మ దగ్గరే కూర్చున్నారు...