నువ్వు కట్టిన మట్టిపొయ్యి

అత్తా,

ఉత్తరాలన్నీ నాచేతే చదివించుకునేదానివి. ఇది చదివి వినిపించేవాళ్లు నీకక్కడ లేరని తెలిసే రాస్తున్నాను.

మన లైనులో పాత క్వార్టర్లన్నీ కూల్చేశారు. మనదొక్కటే ఉంచారు. పక్క ఖాళీ స్థలంలోకి పాత సిగ్నల్ కేబిన్‌నీ, గార్డుల గదినీ విప్పి తెచ్చి నిలబెట్టారు. వెనకటి రైల్వే ఊరు ఎలా ఉండేదో జనం చూడడానికట.

వరండాలో నీ పొయ్యిని పగలగొట్టబోతుంటే అడ్డం వెళ్లాను.

"ఇది నక్షాలో లేదు దీదీ," అన్నాడు బెంగాలీ ఇంజనీరు.

"క్వార్టరు రైల్వే కట్టింది, దాదా. పొయ్యి మా అత్త కట్టింది. మా ఊర్నించి ఇక్కడికి పనికొచ్చినోళ్లకి మొదటి ముద్ద దీనిమీదే ఉడికింది."

ఆయన నక్షా మడిచి, "ఠీక్ హై. అయితే మీరే అలికిపెట్టండి," అన్నాడు.

నిన్న జనం చూడడానికి తెరిచారు. నేను పొయ్యి వెలిగించి గంజి కాచాను. వరండాలోకి ఎవరూ రాకుండా అడ్డంగా తాడు కట్టారు. ఒకప్పుడు నీ చేతి గంజి తాగిన ఫిట్టర్ అప్పన్న ఆ తాడు దాటి వచ్చి గోడవార కూర్చున్నాడు.

"ఏటి వొండినావు, వదినా?"

ఇంజనీరు అతన్ని లేపేస్తాడనుకున్నాను. ఆయన తాడు విప్పేసి, బూట్లు విడిచి, అప్పన్న పక్కనే కూర్చున్నాడు. వాళ్లను చూసి మిగతావాళ్లూ వచ్చారు. గంజి చాలక మళ్లీ ఎసరు పెట్టాను, అత్తా.

నీ కోడలు
పైడితల్లి